వెబ్‌సైట్ తెరవగానే పాట మోగకుండా చేయడం ఎలా?

మీ దుకాణానికో, లాడ్జికో, ఊరి గుడికో వెబ్‌సైట్ ఉందా? తెరవగానే నాదస్వరమో, భక్తిపాటో, కొబ్బరితోటల మీద తీసిన డ్రోన్ వీడియోతోపాటు మ్యూజిక్కో దానంతట అదే మొదలవుతోందా? అయితే కాస్త ఓపిగ్గా ఇది చదివి, సైట్ పక్కన పెట్టుకుని చేసుకుంటూ వెళ్ళండి. ఒక పూటలో అయిపోయే పని.

గోదావరి జిల్లాల్లో చిన్న వ్యాపారాలకి సైట్లు చేసిపెట్టడం నా వృత్తి. ఆత్రేయపురం పూతరేకులు, కడియం నర్సరీ మొక్కలు, నరసాపురం లేసు, దిండి వైపు రిసార్టులు... సరుకు ఏదైనా, చాలామంది మొదట అడిగేది ఒకటే: "తెరవగానే మాంచి పాట రావాలండి." వాళ్ళ ఉద్దేశం మంచిదే. వచ్చినవాళ్ళని పలకరించినట్టు ఉంటుందనుకుంటారు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. గదులు, వాహనాలు, పిండప్రదానాలు, పడవలు అన్నీ ఆన్‌లైన్‌లో బుక్ చేసుకునేవాళ్ళు 2015 పుష్కరాలప్పటికంటే చాలా ఎక్కువమంది ఉంటారు. వాళ్ళలో చూపు లేనివాళ్ళూ ఉంటారు. ఆ పాట వాళ్ళని గుమ్మంలోనే ఆపేస్తుంది.

ముందు ఇబ్బంది ఏమిటో తెలుసుకోండి

చూపు లేనివాళ్ళు ఫోన్, కంప్యూటర్ వాడేది స్క్రీన్ రీడర్‌తో. తెర మీద ఉన్నదాన్ని అది గొంతుతో చదివి చెబుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్, ఐఫోన్లో వాయిస్‌ఓవర్ ముందునుంచే ఉంటాయి. విండోస్ కంప్యూటర్లో ఎక్కువగా వాడేవి జాస్, ఎన్‌వీడీఏ. జాస్‌కి డబ్బు కట్టాలి. ఎన్‌వీడీఏ పూర్తిగా ఉచితం. 2006లో మైఖేల్ కర్రన్ అనే చూపు లేని ఆస్ట్రేలియా యువకుడు దాన్ని మొదలుపెట్టాడు.

చిక్కు ఇక్కడే ఉంది. రీడర్ గొంతు, మీ సైట్ పాట రెండూ ఒకే స్పీకర్లోంచి వస్తాయి. చూపున్నవాళ్ళయితే పాట మోగగానే ఆపే గుర్తు ఎక్కడుందో కంటితో వెతుక్కుంటారు. చూపు లేనివాళ్ళు అదే బటన్‌ని చెవితో వెతకాలి, ఆ చెవినేమో పాట ఆక్రమించేసింది. వాల్యూమ్ తగ్గిద్దామంటే కంప్యూటర్లో పాటతోపాటు రీడర్ గొంతూ తగ్గిపోతుంది. బటన్ ఉన్నా లేనట్టే.

పూతరేకులు అమ్మే ఒక సైట్ తెరిచినప్పుడు ఎన్‌వీడీఏ చదివే వరస ఇలా ఉంటుంది: "బ్యానర్ ల్యాండ్‌మార్క్... నావిగేషన్ ల్యాండ్‌మార్క్... లిస్ట్ విత్ సిక్స్ ఐటమ్స్... లింక్ హోమ్... లింక్ బెల్లం పూతరేకులు... లింక్ పంచదార పూతరేకులు... లింక్ డ్రైఫ్రూట్..." అలవాటున్నవాళ్ళు దీన్ని మనకి అర్థం కానంత వేగంగా వింటారు. దీని మీద డోలు, నాదస్వరం ఫుల్ వాల్యూమ్‌లో పెట్టి ఊహించుకోండి. బెల్లమా పంచదారా అని ఎంచుకునే చోట రీడర్ "పంచదార, రేడియో బటన్, చెక్డ్" అంటుంది. అంటే పంచదార ఎంపికై ఉందని. ఆ ఒక్క మాట డోలు దెబ్బలో కలిసిపోతే ఆర్డర్ తప్పుగా వెళ్ళిపోతుంది. పాలకొల్లులో నాకు తెలిసిన ఒక మాస్టారికి చూపు లేదు. పండక్కి కూతురి అత్తారింటికి బెల్లం పూతరేకులు పంపబోతే, సరిగ్గా ఇలాగే పంచదారవి వెళ్ళాయి. ఇప్పుడాయన పాట వినపడగానే ఆ ట్యాబ్ మూసేస్తారు. కంప్లైంట్ ఇవ్వరు, ఫోనూ చేయరు. కాబట్టి "మాకు ఎవరూ చెప్పలేదండి" అన్న మాటని లెక్కలోకి తీసుకోకండి.

మీ సైట్‌ని మీరే విని చూడండి

సరిచేసే ముందు వినడం అవసరం. కంప్యూటర్లో అయితే ఎన్‌వీడీఏ ఇన్‌స్టాల్ చేసుకుని కంట్రోల్, ఆల్ట్, ఎన్ కలిపి నొక్కితే మొదలవుతుంది. ఇన్సర్ట్, క్యూ కలిపి నొక్కితే మూసేయొచ్చు. మాట ఆపాలంటే కంట్రోల్ ఒక్కటి నొక్కితే చాలు. కింది బాణం ఒక్కో వరస చదివిస్తుంది, హెచ్ నొక్కితే తర్వాతి హెడింగ్‌కి, బీ నొక్కితే తర్వాతి బటన్‌కి వెళ్తుంది. తెలుగు చదవడానికి అందులో ఈస్పీక్ అనే గొంతు ఉంది. కొంచెం మరగొంతులా ఉంటుంది గానీ పనికి సరిపోతుంది.

ఫోన్లో అయితే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీకి వెళ్ళి టాక్‌బ్యాక్ ఆన్ చేయాలి. అంతకంటే ముందు అదే పేజీలో ఉన్న షార్ట్‌కట్ ఆన్ చేసుకోండి. అప్పుడు రెండు వాల్యూమ్ బటన్లూ కలిపి మూడు సెకన్లు నొక్కిపడితే టాక్‌బ్యాక్ ఆగిపోతుంది. ఇది మర్చిపోతే ఫోన్ మాట వినక కంగారు పడతారు. ఎందుకంటే టాక్‌బ్యాక్ ఆన్ అయ్యాక ఒకసారి తాకితే చదువుతుందంతే, నొక్కాలంటే రెండుసార్లు తట్టాలి. కుడివైపు వేలితో జరిపితే తర్వాతి అంశానికి వెళ్తుంది.

ఇప్పుడు తెర మీద గుడ్డ కప్పి, మీ సైట్ తెరిచి, ఒక ఆర్డరో బుకింగో పూర్తి చేయడానికి ప్రయత్నించండి. హోమ్ పేజీ దగ్గర ఆగిపోవద్దు. ఎందుకో కింద చెబుతాను.

"నా ఫోన్లో రావట్లేదే" అంటే నమ్మేయకండి

2018 ఏప్రిల్‌లో వచ్చిన క్రోమ్ బ్రౌజర్ 66వ వెర్షన్ నుంచి, తెరవగానే శబ్దంతో మోగే వాటిని క్రోమ్ చాలావరకు అడ్డుకుంటోంది. సఫారీ అంతకు ముందే మొదలుపెట్టింది, ఫైర్‌ఫాక్స్ 2019లో చేరింది. దాంతో సమస్య తీరిపోయిందని చాలామంది డెవలపర్లు అనుకుంటున్నారు. తీరలేదు. మారు వేషం వేసుకుందంతే.

క్రోమ్ నియమం ప్రకారం, వచ్చినవాళ్ళు ఆ సైట్‌లో ఒకసారి ఎక్కడైనా నొక్కితే ఇక శబ్దానికి అనుమతి ఇచ్చినట్టే. అందువల్ల హోమ్ పేజీ నిశ్శబ్దంగా ఉంటుంది, 'గదుల బుకింగ్' లింక్ నొక్కగానే రెండో పేజీలో పాట అందుకుంటుంది. యజమాని హోమ్ పేజీ ఒక్కటే చూసుకుని అంతా బాగుందనుకుంటాడు. ఇంకో సంగతి: కంప్యూటర్లో ఒక సైట్‌లో తరచూ పాటలు, వీడియోలు పెట్టుకునేవాళ్ళకి క్రోమ్ ఆ సైట్ వరకు అడ్డు తీసేస్తుంది. కాబట్టి ఒకే సైట్ మీ మిషన్‌లో ఒకలా, పక్కింటి మిషన్‌లో ఇంకోలా ప్రవర్తిస్తుంది. కనీసం రెండు ఫోన్లలో, లోపలి పేజీలన్నీ తిరిగి చూడండి. కంప్యూటర్లో అయితే శబ్దం చేస్తున్న ట్యాబ్ మీద చిన్న స్పీకర్ బొమ్మ కనిపిస్తుంది, దొంగ దొరికిపోతాడు.

అన్నిటికంటే ఘోరమైనది ఇంకొకటుంది. బ్రౌజర్ అడ్డుకుంటోంది కదా అని కొందరు ఒక స్క్రిప్ట్ రాస్తారు: వచ్చినవాళ్ళు మొదటిసారి తెర తాకగానే, లేదా ఏదైనా కీ నొక్కగానే పాట మొదలయ్యేలా. రీడర్ వాడేవాళ్ళు అడుగు తీసి అడుగు వేసేదే తాకుతూ, కీలు నొక్కుతూ. 'ఫోన్ నంబర్' అనే పెట్టె మీద రెండుసార్లు తట్టారు, దాని పేరు వినేలోపే పాట లేచింది. ఏం నొక్కితే వచ్చిందో, ఏం నొక్కితే పోతుందో వాళ్ళకి తెలిసే దారే లేదు. మీ డెవలపర్ ఇలాంటిది పెట్టి ఉంటే ఇవాళే తీయించండి. మిగతావి రేపు చేసుకున్నా పర్వాలేదు.

ఎక్కడెక్కడ తీయాలి

వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో చేసిన సైట్ అయితే పేజీని ఎడిట్‌లో తెరిచి, ఆడియో బ్లాక్ మీద నొక్కండి. కుడిపక్క సెట్టింగ్స్‌లో ఆటోప్లే (దానంతట అదే మోగడం) అనే మీట ఉంటుంది, ఆఫ్ చేయండి. అయిపోగానే మళ్ళీ మొదలుపెట్టే లూప్ కూడా ఆఫ్ చేయండి. వీడియో బ్లాక్‌కీ ఇంతే. పేజీలో ఏమీ లేకపోయినా మోగుతుంటే ప్లగిన్లలో (సైట్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాముల్లో) బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లాంటి పేరుతో ఏదైనా ఉందేమో వెతికి తొలగించండి. అక్కడా లేకపోతే థీమ్ ఫుటర్‌లో, అంటే ప్రతి పేజీ అడుగునా వచ్చే భాగంలో, ఎవరో కోడ్ అతికించి ఉంటారు.

కోడ్‌లో చేసేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఆడియో ట్యాగ్‌లో ఆటోప్లే అన్న మాటని పూర్తిగా చెరిపేయాలి. దాని పక్కన ఫాల్స్ అని రాసి ఊరుకుంటే పాట ఆగదు, ఎందుకంటే ఆ మాట ట్యాగ్‌లో ఉంటే చాలు, ఆన్ అనే అర్థం. పక్కన ఏం రాశారో బ్రౌజర్ చూడదు. ఇది తెలియక గంటల తరబడి తల పట్టుకున్నవాళ్ళని చూశాను. కంట్రోల్స్ అన్న మాట మాత్రం తప్పకుండా ఉండాలి, అదుంటేనే ఆపే బటన్ కనిపిస్తుంది. ప్రీలోడ్ దగ్గర నన్ అని పెడితే, అడిగేదాకా పాట ఫైల్ దిగదు. లంక గ్రామాల్లో సిగ్నల్ అంతంతమాత్రంగా ఉండే చోట పేజీ త్వరగా తెరుచుకుంటుంది, చూపున్నవాళ్ళకీ ఇది మేలే.

యూట్యూబ్ వీడియో అతికించి ఉంటే దాని లింక్ చివర్లో ఆటోప్లే, పక్కన ఒకటి అని ఉంటుంది. ఆ ముక్క తీసేయండి. పైన తిరిగే డ్రోన్ వీడియో ఉంచుకోవాలంటే మ్యూట్‌లో ఉంచండి, పక్కన ఆపే బటన్ పెట్టండి. కదులుతూ ఉండే బొమ్మలకి కూడా ఆపే వీలు ఉండాలి. దానంతట అదే మారే స్లైడర్ మారినప్పుడల్లా రీడర్ చేత చదివించే సెట్టింగ్ ఉంటే అదీ తీసేయండి. ధర చదువుతుండగా మధ్యలో "పండగ ఆఫర్" అని అడ్డం పడుతుంది.

వాట్సాప్ చాట్ బుడగలు, "మీతో మాట్లాడటానికి సిద్ధంగా ఉన్నాం" అని టింగుమనే పెట్టెలు కూడా ఒకసారి చూడండి. చిన్న శబ్దమే కాబట్టి, కింద చెప్పబోయే నియమం ప్రకారం తప్పు కాకపోవచ్చు. నేనైతే తీసేస్తాను.

పాట కావాలంటే ఇలా పెట్టండి

పాట ఉండకూడదని నేను అనడం లేదు. గుడి సైట్‌లో మంగళవాద్యం వినాలని భక్తులకి ఉంటుంది, చూపు లేనివాళ్ళకి మరీ ఉంటుంది. అడిగితే వినిపించాలి, అడగకుండా మోగకూడదు. కావలసిందల్లా ఒక బటన్.

ఆ బటన్ నిజంగా బటన్ ట్యాగ్‌తోనే చేయాలి. మామూలు పెట్టెకి రంగు వేసి బటన్‌లా కనిపించేలా చేస్తే ట్యాబ్ కీకి దొరకదు, రీడర్ దాన్ని బటన్ అని చెప్పదు. దాని మీద మాటలుండాలి. ఉత్త త్రికోణం బొమ్మ పెట్టి పేరు ఇవ్వకపోతే రీడర్ "బటన్" అని మాత్రం అంటుంది, ఏం బటనో ఆ దేవుడికే తెలియాలి. "నాదస్వరం వినండి, 4 నిమిషాలు" అని రాయండి. నొక్కాక అదే బటన్ మీద మాట "నాదస్వరం ఆపండి" అని మారాలి. నొక్కిన చోటే ఆపగలిగితే మళ్ళీ వెతుక్కునే పని ఉండదు.

చాలా సైట్లలో మ్యూజిక్ గుర్తు కుడివైపు కింద మూలన తేలుతూ ఉంటుంది. కంటికి అది దగ్గరే. రీడర్ మాత్రం కోడ్ వరసలో చదువుకుంటూ వస్తుంది కాబట్టి పేజీ అంతా అయ్యాక గానీ అక్కడికి చేరదు. అందుకే బటన్ కోడ్‌ని పేజీ మొదట్లోనే, మెనూకి ముందో వెంటనే తర్వాతో పెట్టండి. కనిపించే చోటు ఎక్కడైనా సరే.

బటన్ మీద తెలుగు మాటలు రాశాక సైట్ భాష కూడా తెలుగని చెప్పాలి. వర్డ్‌ప్రెస్‌లో సెట్టింగ్స్, జనరల్‌లో సైట్ లాంగ్వేజ్ ఉంటుంది. అక్కడ ఇంగ్లీషే ఉండిపోతే కొన్ని రీడర్లు తెలుగు అక్షరాలని ఇంగ్లీష్ గొంతుతో చదవబోయి తడబడతాయి, లేదా అసలు వదిలేస్తాయి. అలాగే ప్రింటింగ్ ప్రెస్‌లో అను అనే పాతరకం తెలుగు ఫాంట్లతో కొట్టించిన మ్యాటర్ తెచ్చి నేరుగా అతికించకండి. కంటికి తెలుగులా కనిపించినా లోపల వేరే గుర్తులుంటాయి, రీడర్ అర్థం లేని ముక్కలు చదువుతుంది. ఫోన్లూ, కంప్యూటర్లూ అన్నీ తెలుగుగా గుర్తించే యూనికోడ్‌లోకి మార్చి పెట్టండి. సేవల వేళలు, టికెట్ ధరలు పోస్టర్ బొమ్మగా పెట్టి వదిలేయడం కూడా ఇంతే. అవే వివరాలు పక్కన అక్షరాల్లో ఉండాలి.

యజమానినో కమిటీనో ఒప్పించాల్సి వస్తే

మీరు డెవలపర్ అయితే ఇది తప్పదు. "గుడి సైట్ అన్నాక మంగళవాద్యం మోగకపోతే కళేముంటుందండీ?" అంటారు. వాదన పెట్టుకోకండి. టాక్‌బ్యాక్ ఆన్ చేసి ఫోన్ వాళ్ళ చేతికిచ్చి, కళ్ళు మూసుకుని దర్శనం టికెట్ బుక్ చేయమనండి. నేను వాడిన దారుల్లో ఇంతకంటే త్వరగా పనిచేసింది ఇంకొకటి లేదు.

కాగితం మీద ఆధారం అడిగితే అదీ ఉంది. వెబ్ అందుబాటు కోసం ప్రపంచమంతా పాటించే డబ్ల్యూసీఏజీ నియమాలు 2008 నుంచీ ఉన్నాయి. అందులో 1.4.2 అంశం చెప్పేది ఇదే: పేజీలో ఏ శబ్దమైనా దానంతట అదే మొదలై 3 సెకన్లకి మించి మోగితే, దాన్ని ఆపే వీలో, కంప్యూటర్ వాల్యూమ్‌తో పనిలేకుండా విడిగా తగ్గించుకునే వీలో ఉండాలి. ఇది 'ఎ' స్థాయి, అంటే కనీస మెట్టు. పైగా, పేజీలో మిగతావన్నీ ఎంత చక్కగా ఉన్నా ఈ ఒక్కటి తప్పితే పేజీ మొత్తం తప్పినట్టే లెక్క, ఎందుకంటే ఈ శబ్దం మిగతా అన్నిటినీ వినకుండా అడ్డుకుంటుంది. ఆపే బటన్ ఒకటి పెట్టేస్తే అక్షరాలా నియమం పాటించినట్టవుతుంది గానీ, ఆ బటన్‌ని హోరులో వెతుక్కోవాల్సిన మనిషి కష్టం తీరదు. అందుకే అడిగితేనే మోగాలంటున్నాను.

మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని తీర్పిచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపు లేని ఒకరు కేవైసీ (బ్యాంకుల్లాంటివి అడిగే గుర్తింపు పరిశీలన) చేయించుకోలేక పడిన ఇబ్బందుల మీద వేసిన కేసులు అవి. ఇలాంటి ఆధారం చూపిస్తే కమిటీ తీర్మానం రాసుకోవడానికి పనికొస్తుంది.

అంతా అయ్యాక, రోజూ రీడర్ వాడే ఒక మనిషి చేత సైట్ వాడించి చూడండి. మనం గుడ్డ కప్పుకుని చూసినదానికీ, వాళ్ళు రోజూ వాడేదానికీ చాలా తేడా ఉంటుంది. వాళ్ళ సమయానికి డబ్బు ఇవ్వండి. లోగో గీసినవాళ్ళకి ఇచ్చారు కదా.

మీరే రీడర్ వాడేవాళ్ళయితే

సైట్లన్నీ మారేదాకా మీరు చేసుకోగలిగినవి కొన్ని. ఫైర్‌ఫాక్స్‌లో కంట్రోల్, ఎం కలిపి నొక్కితే ఆ ట్యాబ్ ఒక్కటే మ్యూట్ అవుతుంది, రీడర్ గొంతు మామూలుగానే ఉంటుంది. క్రోమ్‌లో సైట్ సెట్టింగ్స్‌లోని సౌండ్ దగ్గర ఏ సైటూ శబ్దం చేయకుండా ఆపి, కావలసినవాటికి మాత్రం అనుమతి ఇవ్వొచ్చు. ఫోన్ క్రోమ్‌లోనూ ఇది ఉంది. టాక్‌బ్యాక్‌లో రెండు వేళ్ళతో రెండుసార్లు తడితే మోగుతున్న పాట చాలావరకు ఆగుతుంది.

ఎన్‌వీడీఏ ఇన్‌స్టాల్ చేసుకుని వాడేవాళ్ళు ఇన్సర్ట్, షిఫ్ట్, డీ నొక్కి చూడండి. అది మాట్లాడేటప్పుడు మిగతా శబ్దాలు తగ్గుతాయి. 2024.2 వెర్షన్ నుంచి ఇన్సర్ట్, ఆల్ట్, ఎస్ నొక్కితే ఎన్‌వీడీఏ గొంతు ఒక చెవిలో, మిగతా శబ్దాలు రెండో చెవిలో వినిపించేలా విడగొట్టుకోవచ్చు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే ఇది గొప్ప వెసులుబాటు.

ఇంకొక్క పని చేయండి. ట్యాబ్ మూసేసి ఊరుకోకుండా ఆ సైట్ వాట్సాప్ నంబర్‌కి ఒక మెసేజ్ పెట్టండి. ఏ పేజీ, ఏ ఫోన్, ఏం నొక్కితే ఏమైంది, ఏం కావాలి అన్నవి నాలుగూ ఉంటే డెవలపర్‌కి పని తేలికవుతుంది. కావాలంటే ఇది కాపీ చేసుకోండి:

"నమస్కారమండీ. నాకు చూపు లేదు. ఆండ్రాయిడ్ ఫోన్లో టాక్‌బ్యాక్ పెట్టుకుని క్రోమ్‌లో మీ సైట్ వాడుతున్నాను. గదుల బుకింగ్ పేజీ తెరవగానే పాట మొదలవుతోంది, దాంతో తేదీ ఎంచుకునే చోట టాక్‌బ్యాక్ ఏం చెబుతోందో వినపడటం లేదు. పాట దానంతట అది మోగకుండా, కావలసినవాళ్ళు బటన్ నొక్కితేనే వచ్చేలా మార్చండి. మార్చాక చెబితే నేనే బుక్ చేసి చూసి, ఎలా ఉందో చెబుతాను."